నల్ల దారం కట్టిన బేసిను

ఆయన్ని వీధిలో అందరూ అద్దం మేస్త్రి అంటారు. అద్దాలతో ఆయనకేమీ సంబంధం లేదు. పాత ఇత్తడి సామాను బాగుచేస్తాడు. తలుపు గడియ తెచ్చినా, దీపస్తంభం తెచ్చినా, ఓడలో వాడిన గంట తెచ్చినా, అందులో ముఖం చూసుకుని తల దువ్వుకునేంత మెరిసేదాకా వదలడు. దువ్వెన జేబులోనే ఉంటుంది. పని పూర్తయిందని నోటితో చెప్పడు. వస్తువును వెలుతురుకు ఎత్తిపట్టి, అందులో చూసుకుంటూ పాపిడి సరిచేసుకుంటాడు. నెత్తిన జుట్టు పల్చబడి పదేళ్లయింది కానీ, ఆ అలవాటు మాత్రం పల్చబడలేదు.

ఇంటి ముందుగదే దుకాణం. ఎడమవైపు గోడకు మోటారు, దానికి తగిలించిన, మెరుగు పెట్టే గుడ్డ చక్రం. కిటికీ కింద యాసిడ్ తొట్టి, పక్కన మూడు నీళ్ల బకెట్లు. బల్ల మీద చెక్క సుత్తులు, ఆకురాళ్లు, అరిగిపోయిన గరుకు కాగితాలు. పాలిష్ మైనం వాసన ఆ గదినీ, ఆయన చొక్కాలనీ, వంటింట్లో మూత పెట్టని గిన్నెల్నీ వదిలిపెట్టదు. పెళ్లయిన కొత్తలో భార్య ఆ వాసనకు ముక్కు మూసుకునేది. ఇప్పుడు ఆయన ఊరెళితే ఇంట్లో ఏదో తక్కువైనట్టుందని ఆవిడే కిటికీలు తెరిచి చూస్తుంది.

ఆయన పని నేర్చుకున్నది కుళాయిల ఫ్యాక్టరీలో. పదిహేడో ఏట చేరి, పద్నాలుగేళ్లు రోజుకు మూడు వందల కుళాయిలకు మెరుగు పెట్టాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక అందరూ వేరే పనులు వెతుక్కుంటే, ఈయన మాత్రం పాత మోటారొకటి ఇంటికి మోసుకొచ్చి, ముందుగదిలో ఉన్న మంచం పెరట్లో పారేశాడు. ఆ మంచం గురించి భార్య ఇప్పటికీ ఏడాదికోసారైనా గుర్తుచేస్తుంది.

మెరుపు సంగతి ఇలా ఉంటే, జనంలో రెండు రకాల వాళ్లున్నారన్న నిజం ఆయన తలకెక్కడానికి చాలా కాలం పట్టింది. కొందరికి వస్తువు కొత్తదానిలా తళతళలాడాలి. కొందరికి పాత రంగు పాతగానే ఉండాలి, చిలుము పోయి సొట్టలు తీస్తే చాలు. ఒకసారి ఒక పెద్దాయన తన తాతగారి దీపస్తంభం తీసుకోవడానికి వచ్చి, తళతళలాడుతున్న దాన్ని చూసి, “ఇది మాది కాదండీ, మాది చూపించండి” అన్నాడు. అదేనని చెప్పినా నమ్మలేదు. చివరికి దాన్ని గోనెసంచిలో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి సామాను తీసుకునే పని భార్య తన చేతిలోకి తీసుకుంది. మెరవాల్సిన వాటికి తెల్ల దారం, పాత రంగు ఉంచాల్సిన వాటికి నల్ల దారం కడుతుంది. అద్దం మేస్త్రికి నల్ల దారమంటే ఒళ్లుమంట. నల్ల దారం కట్టిన వస్తువును బాగుచేసేటప్పుడు ఆయన ముఖం, ఉప్పు లేని కూడు తింటున్నట్టు ఉంటుంది.

ఈ కథంతా అలాంటి ఒక నల్ల దారం గురించే.

ఒక సోమవారం పొద్దున పురుళ్ల నర్సమ్మ ఒక ఇత్తడి బేసిను తెచ్చి మేస్త్రి భార్యకు ఇచ్చింది. నర్సమ్మను ఆ చుట్టుపక్కల తెలియని ఇల్లు లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఇంటింటికీ నడిచి వెళ్లి కాన్పులు చేసింది. ఈ వీధిలో సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే. మేస్త్రి కూతురూ అంతే. బేసిను బాగా బరువైనది, అడుగు మందం, రెండు పక్కలా చెవులు. ఒక చెవి ఊడి వేలాడుతోంది, అంచు ఒకచోట సొట్టపోయింది, లోపలంతా పచ్చగా చిలుము అట్టకట్టింది. చెవి అతికి, చిలుము తీసి, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు ఉంచమని చెప్పిందామె. మేస్త్రి భార్య నల్ల దారం కట్టింది. కట్టి, ఆ మధ్యాహ్నమే చెల్లెలింటికి నాలుగు రోజులు ఉండటానికి వెళ్లింది.

మేస్త్రి దారం చూశాడు. నిట్టూర్చి పని మొదలుపెట్టాడు. చెవి అతికాడు. అంచు సొట్ట చెక్క సుత్తితో మెల్లగా తీశాడు. అసలైతే అడుగు కూడా కొంచెం కుంగింది. దాన్ని ఎర్రగా కాల్చి మెత్తబరిచి సరిచేద్దామనుకున్నాడు, కానీ గ్యాస్ అయిపోయింది. సిలిండర్ అతను రేపు రేపు అంటూ రెండు రోజులు తిప్పాడు. మేస్త్రి అతన్నీ, అతని బండినీ, బండి తయారుచేసినవాణ్నీ నోటికొచ్చినట్టు తిట్టుకుని, కుంగు అలాగే వదిలేశాడు. తర్వాత లోపలి చిలుము కరిగించాడు. బయటి పాత రంగు జోలికి వెళ్లలేదు. అంతవరకు నల్ల దారానికి కట్టుబడే ఉన్నాడు.

చిలుము పోయాక అడుగున గుంటలు కనబడ్డాయి. గసగసాలంత గుంటలు, వందలకొద్దీ. చిలుము లోతుగా తింటే ఇత్తడికి అలాంటి గుంటలే పడతాయి. మేస్త్రికి వాటిని చూస్తే, పెళ్లికూతురి ముఖాన మచ్చలు చూసినంత బాధ. గుంటలన్నీ సుడి తిరిగినట్టు వరసగా ఉన్నాయన్నది ఆయన గమనించకపోలేదు. బేసిన్లు తయారుచేసేటప్పుడు లేత్ యంత్రం మీద తిప్పుతారు కాబట్టి సన్నటి గీతలు సుడిగా పడతాయి, చిలుము ఆ గీతల వెంట కూర్చుని ఉంటుందని తేల్చుకున్నాడు. ఇత్తడి గురించి ఏమీ తెలియనివాడైతే ఇవేమిటని అడిగి ఉండేవాడు. మేస్త్రికి అన్నీ తెలుసు కాబట్టి అడగలేదు.

ఇక దారం సంగతి. రంగు ఉంచమన్నారు, గుంటలు ఉంచమనలేదు కదా అని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు. రెండు రోజులు ఆకురాయితో, గరుకు కాగితంతో, ఆ తర్వాత సన్న కాగితంతో రుద్దాడు. అడుగు మందంగా ఉండటం వల్ల ఒక్క చిల్లు పడలేదు, ఒక్క గుంట మిగల్లేదు. చివర్లో చక్రం ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆడించాడు. ఇంట్లో ఎవరూ లేరు కనక, తల కూడా దువ్వుకున్నాడు.

శుక్రవారం ఉదయం నర్సమ్మ వచ్చింది. బేసిను లోపలి గదిలో గుడ్డ కప్పి ఉంది. ఆవిడ దాన్ని చూడాలని రాలేదు. ఆదివారం వచ్చి తీసుకెళతానని, తన తర్వాత ఆ వీధుల్లో కాన్పులు చూడబోయే పిల్లకు అదే రోజు అప్పగిస్తానని చెప్పడానికి వచ్చింది. కుర్చీలో కూర్చుని కాళ్లు చాపుకుని, “మీ తోకచుక్క ఎలా ఉంది?” అని అడిగింది. మేస్త్రి కూతురికి ఇరవై నాలుగేళ్లు, కళ్లద్దాల కొట్లో పనిచేస్తుంది. పుట్టినప్పటి నుంచీ నర్సమ్మ ఆమెను ఆ పేరుతోనే పిలుస్తుంది. ఎందుకో మేస్త్రి ఏనాడూ అడగలేదు. ఆ రోజెందుకో అడిగాడు.

నర్సమ్మ నవ్వింది. బేసిను అడుగున చుక్కలున్నాయి కదా, చూసే ఉంటావు అంది. పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి నీళ్లు ఆ బేసిన్లోనే పోసేది. నీళ్లు పారబోసి, తుడిచి, ఆ ఇంటి గడప దాటకముందే మొనదేలిన చిన్న ఇనప పంచ్‌తో ఒక చుక్క కొట్టేది. మధ్యలో మొదలుపెట్టి సుడిగా బయటికి. ఈయన కూతురి చుక్క కొట్టే సమయానికి ఈయన తలుపు బాదాడు. మూడు గంటలు వరండాలో నిలబడి ఇక ఆగలేక బాదాడు. ఆవిడ చెయ్యి జారి, చుక్కకు తోక వచ్చింది.

“అందుకే తోకచుక్క” అని నర్సమ్మ లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

వీధి చివర ఆవిడ మలుపు తిరిగేదాకా మేస్త్రి గుమ్మంలోనే నిలబడ్డాడు. చెప్పాల్సింది. చెప్పలేదు. లోపలికి వెళ్లి గుడ్డ తీశాడు. తళతళలాడుతున్న అడుగులో తన ముఖమే కనబడింది. దాన్ని చూడటం ఇష్టం లేక మళ్లీ గుడ్డ కప్పేశాడు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తినలేదు. ఒక మనిషి ముప్పై ఏళ్ల బతుకును రెండు రోజుల్లో అరగదీశానన్న మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. పైగా తన కూతురి చుక్క కూడా తన చేతులతోనే.

సాయంత్రం భార్య చెల్లెలింటి నుంచి వచ్చింది. సంచి కింద పెట్టకముందే ఆయన జరిగినదంతా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు, దాంతో ఆయనకు మరీ భయమేసింది. కప్పిన గుడ్డ తీసి, అడుగును అరచేత్తో తడిమింది. నున్నగా ఉంది.

“దారం నేను కట్టాను కదండీ” అంది చివరికి.

“రంగుకే అనుకున్నాను.”

“ఏదైనా చేయగలరా?”

ఏం చేయగలడు. కొత్తగా చుక్కలు కొట్టొచ్చు, కానీ ఎక్కడ? వందల చుక్కల్లో ఏది ఎక్కడుందో ఎవరికి తెలుసు? అంచనాగా కొట్టి ఇచ్చేస్తే అది మోసం. ఆయన కోపిష్ఠి, గర్విష్ఠి, మొండివాడు, కానీ మోసగాడు కాదు. బల్ల మీద మోచేతులు ఆనించి తల పట్టుకున్నాడు. భార్య ఎదురుగా కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడించాలని, ఫ్యాక్టరీలో ఎవరూ ఇలాంటి తప్పు చేయలేదా అని అడిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫ్యాక్టరీలో పనికిరాని కుళాయిలను తుక్కుకు అమ్మేముందు వాటి మీద గుద్దిన ముద్రను ఆకురాయితో అరగదీసేవాళ్లు. ఒకసారి అలా అరగదీసిన కుళాయి ఒకటి యాసిడ్ తొట్టిలో పడిపోయి, పూటంతా ఉండిపోయింది. బయటికి తీస్తే ముద్ర కనబడింది. లోతు లేదు, చేతికి తగలదు, కానీ కంటికి కనబడింది. పెద్ద మేస్త్రి అప్పుడు చెప్పాడు: ముద్ర గుద్దినప్పుడు దెబ్బ పైపైన ఆగదట. కింద ఇత్తడి కూడా నలిగి గట్టిపడుతుందట. పైది అరగదీసినా, నలిగిన చోటును యాసిడ్ వేరుగా తింటుంది, అందుకే మళ్లీ కనబడుతుంది. ఒక్కటే షరతు. ఇత్తడిని ఎర్రగా కాలిస్తే ఆ నలుగుడంతా సర్దుకుపోతుంది, ఇక ఏం చేసినా రాదు.

మేస్త్రి గబుక్కున బేసిను తిప్పి అడుగు చూశాడు. కాల్చానా? మరుక్షణం గ్యాస్ అయిపోయిన సంగతి గుర్తొచ్చింది. చెవి అతికేటప్పుడు తగిలిన వేడి అంచుకే, అడుగుకు చేరలేదు. రెండు రోజులు తిప్పిన సిలిండర్ అతను ఆ క్షణంలో ఎదురుగా ఉంటే కాళ్లకు మొక్కేవాడే. తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నాడు.

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాడు. అడుగును సబ్బునీళ్లతో కడిగి, జిడ్డు మిగలకుండా తుడిచి, యాసిడ్‌ను నీళ్లలో బాగా పలచన చేసి, దూదితో అద్దాడు. కాసేపు ఆగి, తుడిచి, మళ్లీ అద్దాడు. భార్య పక్కన మంచినీళ్ల బకెట్ పట్టుకుని కూర్చుంది. మొదటి గంట ఏమీ లేదు. మెరుపు పోయి అడుగు మసకబారిందంతే. రెండో గంటలో మేస్త్రి దూది పారేసి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఇక రాదని తేల్చుకున్న మనిషి నిలబడినట్టే నిలబడ్డాడు.

“ఇటు చూడండి” అంది భార్య.

సరిగ్గా మధ్యలో, గసగసాల గింజంత చుక్క ఒకటి నల్లగా తేలింది. దాని పక్కన ఇంకోటి. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని దూది అందుకున్నాడు. భార్య బకెట్ దగ్గరికి జరిపింది. మధ్యాహ్నానికి సుడి సగం తేలింది. ఏ చుక్కా చేతికి తగలదు, కానీ ప్రతి ఒక్కటీ తన చోట తానుంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది ఆయనకు. ఆకలి కూడా అప్పుడే తెలిసింది. నిన్నటి భోజనం కూడా కలిపి తిన్నాడని తర్వాత భార్య అందరికీ చెప్పింది.

కానీ తోక ఉన్న చుక్క కనబడలేదు. చుక్క అంటే గుద్దినది, లోతుగా దిగుతుంది. తోక అంటే జారిన గీత, పైపైన పోతుంది. అదైతే అరిగిపోయి ఉంటుందని మేస్త్రికి తెలుసు. తెలిసినా వెతుకుతూనే ఉన్నాడు. సాయంత్రం కూతురు కొట్టు నుంచి వచ్చి, అప్పటిదాకా తనకు చెప్పని విషయం విని, నవ్వాలో ఏడవాలో తెలియక, సంచిలోంచి కొట్లో వాడే భూతద్దం తీసింది. ముగ్గురూ కిటికీ దగ్గర బేసిను మీద తలలు వంచారు. అవతలి వైపు నుంచి చూసేవాళ్లకు, చంటిబిడ్డ మీదికి వంగినట్టే కనబడేది.

“నాన్నా, ఇదేనా?”

లోపలి వరసల్లో ఒక చుక్క. దాని నుంచి అంచు వైపు వెంట్రుక కంటే సన్నగా, అరగోరు పొడవు మసక గీత. అద్దం పక్కకు తీస్తే కనబడదు, అద్దం పెడితే కనబడుతుంది. మేస్త్రి దాన్ని చాలాసేపు చూశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇరవై నాలుగేళ్ల కిందట వరండాలో తన పిడికిలి నొప్పి పుట్టేలా బాదిన తలుపు గుర్తొచ్చింది.

రాత్రి భోజనాల దగ్గర మాటొకటి వచ్చింది. ఇప్పుడు చుక్కలన్నీ కనబడుతున్నాయి కాబట్టి వాటి మీదే మళ్లీ పంచ్ పెట్టి కొట్టేస్తే, నర్సమ్మకు జరిగినదేదీ తెలియదు. ఆ మాట అన్నది కూతురు. తండ్రి ఏమంటాడో చూద్దామనే అంది. మేస్త్రి కంచంలోంచి తల ఎత్తలేదు. “అడక్కుండా ఒకసారి చెయ్యి పెట్టాను, చాలు” అన్నాడు. భార్య ఆయనకు మరో గరిటె కూర వడ్డించింది. పాతికేళ్ల కాపురంలో ఇలాంటి మాట ఆయన నోట వినడం అదే మొదటిసారని ఆవిడ ముఖం చెబుతూనే ఉంది.

ఆదివారం నర్సమ్మ వచ్చింది. మేస్త్రి ఆవిడను కూర్చోబెట్టి, బేసిను ఒళ్లో పెట్టి, తను చేసిన పని మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. తప్పును చిన్నది చేయలేదు. గ్యాస్ అయిపోవడం తన తెలివి కాదని కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ నర్సమ్మ వేళ్లు అడుగున తిరుగుతూనే ఉన్నాయి.

“చేతికి తగలడం లేదు మేస్త్రీ” అంది మెల్లగా.

“తగలవమ్మా. కంటికే కనబడతాయి. మీరు ఊ అంటే ఉన్నచోటే మళ్లీ కొడతాను. వద్దంటే ముట్టుకోను.”

ఆవిడ బేసినును కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది. మేస్త్రికి ఆ కాసేపు ఆ శుక్రవారమంత పొడవనిపించింది. తర్వాత ఆవిడ తన సంచిలో చెయ్యి పెట్టి, పిడి అరిగి నల్లబడిన చిన్న పంచ్ తీసింది. కొత్త పిల్లకు బేసినుతో పాటు ఇవ్వడానికి తెచ్చుకున్నది. దాన్ని మేస్త్రి అరచేతిలో పెట్టింది.

“కొట్టు. నేను ఇక్కడే కూర్చుంటాను.”

మేస్త్రి బేసిను కింద మెత్తగా ఇసుక సంచి వేసుకుని, మధ్య చుక్క నుంచి మొదలుపెట్టాడు. అంత చిన్న సుత్తి ఆయన చేతిలో ఎప్పుడూ అంత నెమ్మదిగా పడలేదు. నర్సమ్మ ఊరకే కూర్చోలేదు. వరస సాగుతున్న కొద్దీ ఫలానా వరసలో కవలలున్నారు, ఫలానా చోట బిడ్డ ఏడవడానికి పావుగంట పట్టింది, ఫలానా వాడు ఇప్పుడు బస్సు నడుపుతున్నాడు, వాడి బస్సు ఎక్కడమంటే మాత్రం నాకు భయం అంటూ చెబుతూనే ఉంది. కూతురు చుక్కలు ఎన్నో లెక్కపెట్టబోతే వారించింది. తను ఏనాడూ లెక్కపెట్టలేదట. మేస్త్రి భార్య రెండుసార్లు టీ పెట్టింది. మధ్యాహ్నం ఎండ గుమ్మం దాటి బల్ల దాకా వచ్చేసరికి ఒక్కటి తప్ప అన్నీ అయ్యాయి.

ఆ ఒక్కదాని దగ్గర మేస్త్రి పంచ్ కింద పెట్టేశాడు. తోక తనకు సరిగా కనబడటం లేదని సాకు చెప్పాడు. నర్సమ్మ ఆయన ముఖం చూసి, కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. పంచ్ తన చేతిలోకి తీసుకుంది. కూతురు భూతద్దం పట్టుకుంది.

“ఈసారి తలుపు కొట్టకు” అంది ఆయన వైపు చూడకుండానే.

మేస్త్రి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. సుత్తి పడింది. చుక్క దిగింది. ఆవిడ ఆగలేదు. పంచ్‌ను పక్కకు వాల్చి, ఆ మసక గీత వెంట అరగోరు మేర కావాలనే జార్చింది. ఇత్తడి మీద సన్నటి చప్పుడు వచ్చింది.

“తోక లేకపోతే ఇది మీ అమ్మాయిది ఎలా అవుతుంది?” అని వేలితో తడిమి చూసుకుంది. తగిలింది. అప్పుడు ఆవిడ ముఖం విచ్చుకుంది. “అప్పుడూ నువ్వు కంగారుపడి చచ్చావు, బిడ్డ బాగానే ఉంది. ఇప్పుడూ బాగానే ఉంది. ఇక ఊపిరి పీల్చుకో.”

మేస్త్రి నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు. శుక్రవారం నుంచి గుండెల మీద కూర్చున్నది దిగిపోయింది. కూతురి ముందూ, నర్సమ్మ ముందూ సిగ్గుపడకుండా ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు.

నర్సమ్మ బేసిను చంకన పెట్టుకుని కొత్త పిల్ల ఇంటికి బయలుదేరింది. బేసిను చెవికి కట్టిన నల్ల దారాన్ని మేస్త్రి భార్య గుమ్మంలోనే విప్పుకుంది. లోపలికి వచ్చి, ఇంకా గోడకు ఆనుకునే ఉన్న మొగుడి దగ్గరికి వెళ్లి, ఆ దారాన్ని ఆయన చొక్కా పై గుండీకి ముడేసింది. ఎందుకని ఆయన అడగలేదు. ఆ రోజంతా దాన్ని విప్పనూ లేదు.